రబ్బరు పలక మీది నంబరు

దిగి నేల చూడకుండా లారీని చవిటి మైదానంలోకి దింపాను. తప్పు నాదే. ఇంకొకరి మీదికి నెట్టేద్దామంటే చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

గాలినీ వాననీ కొలిచే ఇనప స్తంభాలు ఆ అడవుల్లో, కొండల్లో అక్కడక్కడా ఉంటాయి. వాటికి బ్యాటరీలు మార్చడం నా పని. నాలుగు చక్రాలూ లాగే పాత లారీ నాది. వెనక పెట్టెలాంటి గది. అందులో మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి. అద్దానికి గుచ్చి నా భార్య దువ్వెన. ఆమె పోయి పద్నాలుగు నెలలైంది. నాకు ఇల్లంటే ఆ లారీయే. ఇంకోటి లేదు.

ఆ మైదానం ఎండాకాలంలో పలకలా గట్టిగా ఉంటుంది. వానాకాలంలో మోకాటిలోతు ఉప్పునీళ్లు. మధ్యలో కొన్నాళ్లు మాత్రం పైన పెంకు, కింద అడుసు. అలాంటి చోట నా భార్య ముందు నడిచేది. చేతిలో ఇనప చువ్వ. నాలుగడుగులకొకసారి పొడిచి చూసేది. చువ్వ జానెడు దిగితే ఒక చెయ్యెత్తి రమ్మనేది. మూరెడు దిగితే రెండు చేతులూ ఎత్తి ఆపేది. నేను వెనకే మొదటి గేరులో వెళ్లేవాణ్ణి. పంతొమ్మిదేళ్లు అలాగే తిరిగాం.

ఇప్పుడు చువ్వ సీటు వెనక తగిలించి ఉంది. ఆమె పోయాక నేను దాన్ని ముట్టుకోలేదు. నడవడానికి ఒకరు, నడపడానికి ఒకరు కావాలి. ఉన్నది ఒక్కణ్ణి. నడిపాను.

ఉదయం ఎనిమిదింటికి వెనక చక్రాలు దిగిపోయాయి. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు చేసే పని అరవై ఒక్కేళ్ల నేనూ చేశాను. ఆక్సిలేటరు తొక్కాను. లారీ ఇరుసు దాకా కూర్చుంది.

సాయంత్రానికి వాన అని ఆఫీసువాళ్లు ముందురోజే చెప్పారు. పడమటి కొండల మీద అప్పటికే నల్లగా ఉంది. వాన పడితే మైదానం నిండుతుంది. లారీ మళ్లీ ఎండాకాలం దాకా ఉప్పునీళ్లలో నిలబడాలి. ఆ తర్వాత మిగిలేది తుప్పు.

జాకీ పెడితే జాకీయే దిగిపోయింది. కింద వెయ్యడానికి వెడల్పాటి చెక్క కావాలి. ఉన్నవి మంచం పలకలు. ఆమె పడుకునే వైపు పలక తీసి జాకీ కింద వేశాను. నా వైపుది ఎందుకు తియ్యలేదో అడగొద్దు, పురుగులు తిని అది ముందే బోలుగా ఉంది. చక్రాల ముందు మట్టి తవ్వాను. టైర్లలో సగం గాలి తీశాను. చాపలు, గోనెలు పరిచాను. లారీ రెండు బారలు కదిలి మళ్లీ కూర్చుంది. పలక నడిమికి విరిగింది. పదకొండయింది.

దాన్ని బయటికి లాగగలిగినవాడు ఆ దరిదాపుల్లో ఒక్కడే ఉన్నాడు. నా బావమరిది. అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో అతని మెకానిక్ షెడ్డు. వాళ్లక్క, అంటే నా భార్య, అడిగితే లారీ ముందు వించ్ బిగించింది అతనే. మోటారు తిరిగితే ఇనప తాడు చుట్టుకుంటూ బండిని తనంత తనే లాక్కునే యంత్రం అది. ఆమె పోయిన పదకొండో రోజున దాన్ని విప్పి అతని గుమ్మం ముందు పడేశాను. నీ చెయ్యి పడ్డదేదీ నా బండి మీద ఉండకూడదన్నాను. పదిమంది చూస్తుండగా అన్నాను.

కారణం ఉంది. అప్పుడు లారీ ఇంజను అతని షెడ్డులో విప్పి ఉంది. గురువారానికి ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. శనివారం పొద్దున, మేం దిగిన షెడ్డు వెనక గదిలో ఆమెకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఇంజను నేల మీద ముక్కలుగా ఉంది. అతని జీపు ఊళ్లోకి వెళ్లింది. అతను పరిగెత్తి ఇంకో బండి తెచ్చేసరికి గంట పట్టింది. బండి ముందే ఉన్నా దక్కేది కాదని డాక్టరు అన్నాడు. అంటాడు. గురువారమంటే గురువారమే.

అతని నంబరు నా ఫోనులోంచి తీసేశాను. కానీ తను బాగుచేసే ప్రతి బండికీ వెనక చక్రాల వెనక వేలాడే రబ్బరు పలకల మీద తన షెడ్డు నంబరు రాయడం అతని అలవాటు. నా లారీకీ రాశాడు. చింపెయ్యాలనే అనుకున్నాను. అవి లేకపోతే రాళ్లు ఎగిరి గదికి తగులుతాయి. ఉంచాను. ఇప్పుడవి అడుసులో ఉన్నాయి.

బోర్లా పడుకుని చేతుల్తో తవ్వాను. ఒక పలక ముందే చిరిగిపోయింది. రెండోది దొరికింది. తుడిచేకొద్దీ ముందు ఆరంకెలు తేలాయి, తర్వాత ఎనిమిది, తర్వాత తొమ్మిది అంకెలు. చివరిది మూడో ఎనిమిదో తెలియలేదు. ఉమ్మి పెట్టి తుడిచాను. ఎనిమిది.

లారీ నెత్తికెక్కితే గానీ సిగ్నలు రాలేదు.

"ఎవరూ?"

"నేను."

అవతల సుత్తి చప్పుడు ఆగింది.

"బావా! ఎక్కడున్నావ్?"

చెప్పాను.

"ఎంత దిగింది?"

"ఇరుసు దాకా."

"ఆక్సిలేటరు తొక్కావా?"

"తొక్కాను."

"ఎన్నిసార్లు?"

"ఒరేయ్, వస్తావా రావా?"

"వస్తున్నా. ఇంజను ఆపెయ్. ఇంకేదీ విరగ్గొట్టకు."

"ఒక పలక విరిగింది."

"ఏ పలక?"

ఫోను పెట్టేశాను.

రెండుగంటలకు వచ్చాడు. జీపును గట్టి నేల మీదే ఆపాడు. అక్కణ్ణుంచి నాలుగు వందల అడుగులు. ఏదో రేకు మీద వేసుకుని తాడుతో లాక్కొస్తున్నాడు. ఎదురెళ్లాను. గోనె కింద వించ్. నేనూ తాడు పట్టుకున్నాను.

"గుర్తుందా?" అన్నాడు. "కాలి మీద పడేది. తప్పుకున్నా."

"పడాల్సింది."

"పడితే ఇవాళ కుంటుతూ వచ్చేవాణ్ణి. ఆలస్యం నీకే."

వించ్ నిండా నూనె రాసి ఉంది. ఎక్కడా తుప్పు లేదు.

"ఎవరికీ ఇచ్చెయ్యలేదే?"

"అక్క పెట్టించుకుంది. అది నీదీ కాదు, నాదీ కాదు."

బోల్టులు తెచ్చాడు. పాత రంధ్రాల్లో అవి సరిగ్గా కూర్చున్నాయి. కరెంటుకి నా బ్యాటరీలు ఉన్నాయి. కానీ తాడు తగిలించడానికి చెట్టు లేదు, బండ లేదు.

"నీ జీపుకి కడదాం."

"నీ ఏనుగుకి నా మేకని కడతావా? జీపే వచ్చి నీ పక్కన కూర్చుంటుంది. స్టెప్నీ దించు బావా. పాతేద్దాం."

లారీకి ముప్ఫై అడుగుల ముందు గొయ్యి మొదలుపెట్టాం. స్టెప్నీ చక్రాన్ని నిలువుగా దింపి, తాడు కట్టి, మట్టి కప్పి తొక్కాలి. నేను పలుగు వేస్తే అతను పారతో ఎత్తాడు. గొయ్యి నడుములోతు అయ్యేసరికి గాలి చల్లబడింది. కొండలు కనపడటం మానేశాయి.

"బావా, ఆ గురువారం..."

"తవ్వు."

తవ్వాడు. ఇంకో పది పారలు ఎత్తాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అదే నాకు మింగుడు పడదు. పదిమంది ముందు నేను నోటికొచ్చినట్టు తిట్టిన రోజునా అనలేదు. అనడానికి అతని దగ్గర మాట ఉంది. అది ఇద్దరికే తెలుసు.

చక్రం దింపి మట్టి కప్పాం. ఇద్దరం పైకెక్కి తొక్కాం. మొదటి చినుకు నా మెడ మీద పడింది. వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాను. అతను వించ్ దగ్గర స్విచ్చి పట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్."

"ఊఁ."

"ఇంజను గురువారానికి అయిపోయేదే. క్లచ్చి కూడా మార్చమని బుధవారం నీకు చెప్పింది నేనే."

అతను తలెత్తలేదు.

"తెలుసు బావా. ఇప్పుడా క్లచ్చే తొక్కు."

తొక్కాను. మొదటి గేరు వేశాను. తాడు బిగిసి మూలిగింది. మట్టిలో చక్రం ఒక జానెడు ముందుకు జరిగి ఆగింది. నిలిచింది. లారీ మాత్రం కదలలేదు. తర్వాత అడుసు ఒక పెద్ద గుటక వేసినట్టు చప్పుడైంది. ముందు చక్రాలు పెంకు మీదికి ఎక్కాయి. వెనకవీ ఎక్కాయి.

వాన పెరిగింది. జీపు దాకా ఇంకా నాలుగు వందల అడుగులు.

"చువ్వ ఏదీ?" అన్నాడు.

సీటు వెనక నుంచి తీసి ఇచ్చాను. అతను ముందు నడిచాడు. పొడవడం వచ్చు గానీ సైగలు రావు. వందడుగులు పోయాక రెండు చేతులూ ఎత్తి ఊపాడు. బ్రేకు తొక్కాను.

"ఆగావేం? రమ్మంటుంటే!"

"రెండు చేతులెత్తితే ఆగమని!"

"మీ మొగుడూ పెళ్లాల భాష నాకేం తెలుసు?"

"రమ్మంటే ఒక్క చెయ్యి. నేర్చుకో."

నేర్చుకున్నాడు. జీపు దగ్గరికి చేరేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. వెనక్కి చూస్తే మేం తవ్విన గొయ్యి దగ్గర నీళ్లు మెరుస్తున్నాయి. స్టెప్నీ తీసే వ్యవధి లేకపోయింది. ఎండాకాలం వస్తే ఇద్దరం వెళ్లి తవ్వుకోవాలి.

అతను జీపులోంచి ఒక చెక్క తెచ్చాడు. కొలిచి కోసింది కాదు, షెడ్డులో చేతికందింది.

"మంచానికి," అన్నాడు.

ఏ పలక విరిగిందో అప్పుడు చెప్పాను.