డాక్టరమ్మ కొత్త డిస్క్

"నీ ఆట తీసేయ్. చోటదే వస్తుంది."

ఉతికిన బట్టల కుప్ప ముందు కూర్చుని, జత దొరకని సాక్సులతో కుస్తీ పడుతున్నాను. మావారు సోఫాలో కాళ్ళు చాపుకుని, ఫోన్లోంచి తలెత్తకుండానే ఆ మాట అన్నారు. ల్యాప్‌టాప్‌లో డిస్క్ నిండిపోయిందని ఎర్ర గీత వచ్చింది. కొత్త సీజన్ అప్‌డేట్ శనివారం సాయంత్రంలోగా ఎక్కించుకోకపోతే మా జట్టు పోటీలో నేనుండను. అదే చెప్పుకున్నాను. ఆయన చెవికెక్కింది చోటు లేదన్న ముక్క ఒక్కటే.

"అంతా నీ ఆటే మింగేస్తోంది. నా ఆఫీసు ఫైళ్ళు పెట్టుకుందామంటే లేదు," అని కూడా అన్నారు.

ఇది ఆటల ల్యాప్‌టాప్. ఆయన ముచ్చటపడి కొనుక్కున్నారు. కీబోర్డు కింద రంగురంగుల లైట్లు, ఫ్యాను తిరిగితే ఇల్లు ఊడుస్తున్నంత చప్పుడు. కొన్నాళ్ళు కార్ల పందేలు ఆడి, మోజు తీరాక దాన్ని నాకు దయచేశారు. అప్పట్నుంచీ చుట్టాలొచ్చినప్పుడు అది ఆయనది, రిపేరొచ్చినప్పుడు నాది. నేను ఊరికే ఏముందో చూద్దామని తెరిచి, ఒక ఆటలో పడ్డాను. పడ్డానంటే మామూలుగా కాదు, పీకల్దాకా.

ఆట పెద్ద కష్టమైందేమీ కాదు. అయిదుగురు కలిసి ఒక కోట కొట్టాలి. మొదలయ్యే ముందు ఒక గది తెరుచుకుంటుంది. అందులో అయిదు పాత్రలు నిలబడి ఉంటాయి. ముందొచ్చినవాళ్ళు ముందు ఎంచుకుంటారు. నా ఆట ఉండేదేమో లోపల పళ్ళెంలా గిర్రున తిరిగే పాతరకం హార్డ్‌డిస్కులో. అది గుర్రుమని మూలుగుతూ ఆ గది నాకు చూపించేసరికి మిగతా నలుగురూ ఎంచుకోవడం అయిపోయి, తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. ఇక మిగిలేది వైద్యురాలు. అందరి వెనకా నడుస్తూ దెబ్బలు తగిలినవాళ్ళకి కట్లు కట్టడం ఆవిడ పని. గెలిస్తే ఆవిడ ఊసెత్తరు. ఎవరైనా పడిపోతే మాత్రం "డాక్టరమ్మా, ఎక్కడ చచ్చారు?" అని అరుస్తారు. అలా అరిచీ అరిచీ జట్టులో నా పేరే డాక్టరమ్మ అయిపోయింది.

నాకు కావలసింది గొడ్డలి ఆవిడ. ఏం మనిషనుకున్నారు! తలుపంత వెడల్పు భుజాలు, వాటి మీద ఒక గండ్రగొడ్డలి. అందరికంటే ముందు నడుస్తుంది, వెనక్కి తిరిగి చూడదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆవిడగా ఆ కోట మీదికి వెళ్ళాలని నాకు ఎంత కోరికో. ఎప్పుడూ మా జట్టులో అందరూ నర్సు అని పిలిచే అమ్మాయి ఆ గొడ్డలి ఆవిడని ఎగరేసుకుపోతుంది. ఆమె నిజంగానే నర్సు. "పగలంతా కట్లు కట్టేది చాలక ఇక్కడ కూడానా?" అంటుంది. న్యాయమైన మాటే. మరి నేను పగలంతా చేసేదేమిటో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"పోనీ డిస్కే మారుద్దాం," అన్నాను సాక్సులు పక్కన పెట్టి.

"ఆదివారం చూస్తాలే," అన్నారాయన.

మా ఇంట్లో ఆదివారం అంటే వారంలో ఒక రోజు కాదు, ఒక పెద్ద గోదాము. వంటింట్లో కారే కుళాయి, ఒరిగిన అలమారా తలుపు, బాల్కనీలో వెలగని బల్బు, అన్నీ అందులో పడి ఉన్నాయి. వైరున్నదీ స్క్రూ ఉన్నదీ ఏదైనా సరే మగవాళ్ళ పని కాబట్టి ఆదివారానికి వెళ్తుంది. నా పనులకి మాత్రం ఆ సౌకర్యం లేదు. అన్నం ఆదివారం వండుతానంటే ఎవరూరుకుంటారు?

"వాడి ఆదివారం వచ్చేసరికి మీ పోటీ అయిపోతుందే అమ్మాయ్," అన్నారు అత్తయ్య, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

అత్తయ్య గురించి చెప్పాలంటే, మొదట్లో నేను ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడల్లా ఆవిడ గిన్నెలు చప్పుడు చేసేవారు. "మా రోజుల్లో ఆడవాళ్ళకి ఇంత తీరిక ఉండేదా?" అని గోడతో అనేవారు. తర్వాత గోడతో అనడం మానేసి నా వెనక కుర్చీ వేసుకున్నారు. ఇప్పుడు నాకంటే ఆవిడకే పట్టుదల ఎక్కువ. "ఆ మూలనున్నవాణ్ణి చూడవేం, రక్తం కారిపోతోంది!" అని నా వీపు మీద ఒక్కటేస్తారు.

ఆయన పడుకోవడానికి వెళ్ళాక డిస్కులో ఏముందో చూశాను. నా ఆట ఒక మూలకి నక్కి ఉంది. మిగతాదంతా ఆయన ఫోను బ్యాకప్పులు. 'బ్యాకప్', 'బ్యాకప్ కొత్తది', 'బ్యాకప్ అసలుది', 'బ్యాకప్ అసలు అసలుది'. నాలుగింటిలోనూ అవే ఫొటోలు. తగ్గింపు ధరకి వస్తున్నాయని కొని, ఒక్కసారీ తెరవని కార్ల ఆటలు దండిగా ఉన్నాయి. నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది, కానీ నవ్వే ముందొచ్చింది. అవన్నీ తీసిపారేస్తే చోటు దొరుకుతుంది, నిజమే. దానికో పెద్ద యుద్ధమవుతుంది, అదీ నిజమే. అయినా నాకు కావలసింది చోటొక్కటే కాదు, వేగం. ఆ గది తలుపు తెరుచుకునేసరికి నేనక్కడ ఉండాలి.

అంతే, పట్టు పట్టాను. ల్యాప్‌టాప్ బోర్లా వేసి, వెనకున్న స్టిక్కరు మీద మోడలు నంబరు చదివాను. లోపల ఖాళీగా ఇంకొక స్లాటు ఉందని తెలిసింది. కొన్నప్పట్నుంచీ అది అలాగే ఖాళీగా ఉందట, మాలో ఒక్కరికీ తెలియదు. దానిలో పట్టే ఎస్‌ఎస్‌డి, అంటే తిరిగే పళ్ళెం లేని కొత్తరకం డిస్క్, చూయింగ్ గమ్ పట్టీ అంత ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉండేవి రెండు రకాలున్నాయి, ఒకటి నిదానంగా నడిచేది, ఇంకొకటి పరిగెత్తేది. మా స్లాటుకి పరిగెత్తేదే పెట్టాలి. పొడవు ఇంత, మందం ఇంతకి మించకూడదు. బస్సులో నిలబడి, నేను పనిచేసే పళ్ళ క్లినిక్‌లో ఫోనుకీ ఫోనుకీ మధ్య, చదివిందే మళ్ళీ చదివాను. చదువుకునే రోజుల్లో పరీక్షలకి కూడా ఇంత చదవలేదు.

షాపులో సేల్స్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు.

"మీ అబ్బాయికా మేడం?"

"కాదండీ, నాకే."

"అంటే... గేమింగ్ ల్యాప్‌టాప్ అన్నారు?"

"అవును. నాదే."

"ఒకసారి సార్‌కి ఫోన్ కలిపి ఇస్తారా? ఏది కావాలో కనుక్కుంటాను."

"సార్‌కి నేను చెప్తేగానీ తెలీదండీ," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది.

అతను లోపలికెళ్ళి, ఇదే అన్నిటికంటే గొప్పదని ఒకటి తెచ్చాడు. దాని నెత్తిన, వేడి లాగెయ్యడానికట, చాళ్ళు చాళ్ళుగా లావుపాటి ఇనుప టోపీ ఉంది. "ఇది పెట్టాక ల్యాప్‌టాప్ మూత పడుతుందా?" అని అడిగాను. అతను టోపీ వంక చూశాడు, నా వంక చూశాడు, వెనక్కి తీసుకెళ్ళాడు. రెండోసారి టోపీ లేనిది తెచ్చాడు. నా జీతంతో కొన్నాను. ఇంటిదాకా ఆ చిన్న డబ్బా హ్యాండ్‌బ్యాగులో ఉందో లేదోనని ఎన్నిసార్లు తడుముకున్నానో!

గురువారం మధ్యాహ్నం సెలవడిగితే పళ్ళ డాక్టరుగారు కంగారుపడ్డారు. పదేళ్ళుగా ఆయన క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర ఉన్నాను. పేషెంట్ల తిట్లు తినేదాన్నీ, ప్రింటరు మొరాయిస్తే బాగుచేసేదాన్నీ నేనే. అయినా ప్రింటరు పాడైతే "ఎవరైనా తెలిసినవాణ్ణి పిలవండి" అంటారాయన, నేను ఎదురుగా ఉండగానే.

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని అడిగారు. ఆడది సెలవు పెట్టిందంటే ఎవరికో ఒకరికి బాగోకపోవాలి కదా మరి.

"అవును సార్. కడుపుబ్బరం. లోపల సూది మోపే సందు లేదు. చిన్న ఆపరేషను చెయ్యాలి."

"అయ్యో, ఎవరు చేస్తున్నారు?"

"మనకి తెలిసినావిడే సార్," అని వచ్చేశాను.

కిటికీ పక్క భోజనాల బల్ల మీద మెత్తటి తువ్వాలు పరిచి, ల్యాప్‌టాప్ బోర్లించాను. అత్తయ్య టార్చి పట్టుకుని అసిస్టెంటు డాక్టరులా నిలబడ్డారు. స్క్రూలు ఒకటే పొడవు ఉండవని చదివాను కాబట్టి, ఏ మూలది ఆ మూల ఉండేలా ఐసు ట్రేలో ఒక్కో గడిలో వేశాను. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మూత సందులో మెల్లగా నొక్కుతుంటే టప్పుమని చప్పుడైంది.

"విరిగిందా?" అన్నారు అత్తయ్య, టార్చి నా మొహం మీద వేసి.

"లేదత్తయ్యా, కొక్కెం ఊడింది. టార్చి దానిమీద వెయ్యండి."

మూత వచ్చేసింది. లోపల దుమ్ము చూడాలి, పరుపులో దూదిలా ఉంది. నా మొహానికి పౌడరు రాసుకునే కుంచెతో దులిపాను. తర్వాత బ్యాటరీ వైరు ఊడదీశాను. అత్తయ్య వంగి వంగి చూస్తున్నారు.

"మీ మామయ్య రేడియో జోలికి నన్ను వెళ్ళనిచ్చేవారు కాదే. ముట్టుకుంటే షాక్ కొట్టి చస్తావు అనేవారు. రోజూ దానిమీద దుమ్ము తుడిచేది మాత్రం నేనే. అప్పుడు కొట్టలేదు చూడు షాకు!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వాం. ఆవిడకి కళ్ళనీళ్ళొచ్చాయి. అవి నవ్వువేనో కాదో నేను అడగలేదు.

ఖాళీ స్లాటులో ఎస్‌ఎస్‌డిని ఏటవాలుగా దూర్చాను. దూర్చగానే రెండో కొస పైకి లేచి నిలబడింది. "అదేంటే, మొండికేసింది!" అన్నారు అత్తయ్య. అది అలాగే లేస్తుంది, వేలితో కిందికి నొక్కి స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ ఎంతుందనుకున్నారు, చీమ తలకాయంత! నా వేళ్ళకి దొరక్కపోతే అత్తయ్య నా కనుబొమల పట్టకారు తెచ్చి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా కన్నంలో నిలబెట్టారు. ఒక్క తిప్పు, ఇంకొక్క తిప్పు. కూర్చుంది.

"ఇంతేనా?" అన్నారావిడ. "దీనికా వాడు ఆదివారం, ఆదివారం అని..."

కానీ అన్నీ బిగించి ఆన్ చేస్తే కొత్త డిస్క్ కనిపించలేదు. పాతదొక్కటే ఉంది. ఎక్కడ చూసినా లేదు. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని ఆయనొచ్చారు. బల్ల మీద తువ్వాలు, స్క్రూ డ్రైవరు, మా ఇద్దరి మొహాలు చూసి సంగతి గ్రహించారు.

"నే చెప్పలా? ఆదివారం దాకా ఆగలేకపోయావా? ఉన్నది కూడా పాడుచేసుంటావు. వాటి వ్యవహారం తెలీకుండా వేలు పెడితే ఇంతే."

ఎప్పుడూ అయితే నేను ఇక్కడే వెనక్కి తగ్గేదాన్ని. సారీ చెప్పి టీ పెట్టడానికి లేచేదాన్ని. ఈసారి లేవలేదు. "ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. ఆయన్ని అలా ఆగమన్నది బహుశా అదే మొదలు. ఆయన బ్యాగు చేతిలోనే పట్టుకుని నిజంగానే ఆగారు.

కొత్త డిస్క్‌ని మనం పలకరిస్తేగానీ అది ముందుకు రాదని ఎక్కడో చదివాను. ల్యాప్‌టాప్‌లో ఉన్న డిస్కులన్నిటి లెక్కా చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. అడుగున ఒక నల్ల గీత కింద బుద్ధిగా కూర్చుని ఉంది! సిద్ధం చెయ్యమన్నాను, ఫార్మాట్ చెయ్యమన్నాను, పేరుకి ఒక అక్షరం ఇచ్చాను. మళ్ళీ తెరిస్తే, అంత పెద్ద ఖాళీ గీత, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లగా.

"వచ్చింది!" అని అరిచాను. అత్తయ్య టార్చి బల్లమీద పారేసి నన్ను వాటేసుకున్నారు. నా ఉద్యోగం వచ్చిన రోజున కూడా నేనింత గట్టిగా అరవలేదు. సంతోషమంటే సంతోషం కాదు, ఒళ్ళంతా చిటపటలాడింది. ఆయన ల్యాప్‌టాప్ అటూ ఇటూ తిప్పి చూశారు. ఐసు ట్రేలోకి కూడా తొంగిచూశారు.

"ఒక్క స్క్రూ కూడా మిగల్లేదా?" అన్నారు, కాస్త నిరాశగా.

ఆటనీ కొత్త సీజన్ అప్‌డేట్‌నీ కొత్త డిస్కులోకి ఎక్కించుకుని, శనివారం సాయంత్రం హెడ్‌ఫోన్సు పెట్టుకోకుండా స్పీకరు పెట్టాను, అత్తయ్యకి వినపడాలని. ఆయన కూడా కప్పు పట్టుకుని వచ్చి మా వెనక నిలబడ్డారు. టీ ఎవరిది వాళ్ళే పెట్టుకున్నాం. 'మొదలు' నొక్కాను. గుర్రు లేదు, మూలుగు లేదు. కన్ను మూసి తెరిచేలోగా ఆ గదిలో ఉన్నాను. నిశ్శబ్దంగా ఉంది. ఇంకా ఎవరూ రాలేదు. అయిదు పాత్రలూ నావైపే చూస్తూ వరసగా నిలబడి ఉన్నాయి. ఆ గది అంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు. నలుగురూ ఎంచుకున్నాక మిగిలినదాన్ని తీసుకోవడం తప్ప, అందరినీ చూస్తూ నిలబడటం ఎరగను. చెయ్యి అలవాటు కొద్దీ వైద్యురాలి వైపే వెళ్ళబోయింది. దాన్ని ఆపాను. గొడ్డలి ఆవిడ మీద నొక్కాను.

ఒక్కొక్కరే లోపలికొచ్చారు.

"అమ్మో, నా గొడ్డలి ఆవిడని ఎవరు తీసుకున్నారు?" నర్సు గొంతు.

"డాక్టరమ్మ తీసుకున్నట్టుంది," అన్నాడు మా కెప్టెను. ఆట బయట అతను బస్సు డ్రైవరు. ఈసారి అతనే ఆఖరున వచ్చాడు. "అదేంటి డాక్టరమ్మా, మరి మాకు కట్లెవరు కడతారు?"

"మీకు మిగిలింది అదే కదా కెప్టెన్ గారూ, కట్టండి," అన్నాను. నర్సు పగలబడి నవ్వింది. అతను కాసేపు గొణిగి, వైద్యురాలి తెల్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

మావారు నా భుజం మీదుగా వంగి, నిజంగానే అర్థంకాక అడిగారు. "ఇదేంటోయ్, నీకు ఆ డాక్టరు వేషమే ఇష్టం కదా?"

"ఇష్టమని నేనెప్పుడూ అనలేదండీ," అన్నాను, తెర మీంచి చూపు తిప్పకుండా. "నేనొచ్చేసరికి అదొక్కటే మిగిలేది."