మొదట తెరుచుకునే చోటు

కోడలు అత్తగారిని కంప్యూటర్లోంచి తుడిచేసింది. పెద్దమేస్త్రీ లెక్కలో ఇందులో అనుమానానికి తావు లేదు. మనిషి ఎటూ పోయింది, ఆమె పెట్టిన పేర్లయినా మిగిలాయనుకుంటే వాటినీ మిగల్చలేదు.

ఆయనది చెక్కపని. వర్క్‌షాపు ముందుగదిలో ఒక బల్ల, దానిమీద కంప్యూటరు. భార్య ఉన్నన్నాళ్ళూ ఆ బల్ల ఆవిడదే. టేపు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళి కొలతలు తెచ్చేది, తలుపులకూ అలమారలకూ నమూనాలు గీసేది, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి దాచేది. వచ్చినవాళ్ళ అసలు పేర్లు ఆవిడకు చచ్చినా గుర్తుండేవి కావు. 'మూడుసార్లు మనసు మార్చినావిడ బీరువా'. 'తల తగిలే పొడుగాయన గుమ్మం'. 'అల్లుడొస్తున్నాడని తొందరపెట్టిన మంచం'. 'నవ్వని డాక్టరు పుస్తకాల అర'. ఇలా నాలుగువందల పైచిలుకు.

ఆవిడ పోయి రెండేళ్ళు. రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే మేస్త్రీ ఆ కుర్చీలో కూర్చుని, తెర అడుగున ఉండే పసుపురంగు ఫోల్డరు బొమ్మను నొక్కేవాడు. ఆ పేర్ల పట్టీ వచ్చేది. నమూనాలు తెరిచేవాడు కాడు. పేర్లు చదువుకునేవాడు, అంతే. ఐదో తరగతి చదువుకి అది చాలు. ఏదో ఒక పేరు దగ్గర ఆవిడ గొంతు వినబడేది. ఆ తర్వాతే రంపం పట్టేవాడు. కంప్యూటరంటే ఆయనకు ఆ పసుపు బొమ్మ, ఆ పట్టీ. అందులో ఇంకే మూలైనా ఉంటుందని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఆ సోమవారం నొక్కితే పట్టీ రాలేదు. పాటలు, ఫోటోలు, ఇంకేవో ఇంగ్లీషు ముక్కలు వరసగా వచ్చాయి. అన్నీ ఖాళీ. మళ్ళీ నొక్కాడు. మొత్తం ఆపేసి మళ్ళీ పెట్టాడు. పట్టీ లేదు.

ఆ బల్ల దగ్గర ఆయన కాక కూర్చునేది కోడలొక్కతే. ఇంకెవరు చేస్తారు?

కోడలు ఊళ్ళో లేదు. తల్లికి ఆపరేషనయితే మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి వారమైంది. ఆసుపత్రిలో ఉంటుందని తెలిసే ఫోన్ చేశాడు.

"మీ అత్తయ్య పేర్లన్నీ ఏం చేశావు?"

"ఏ పేర్లు మామయ్యా? ఒక్క నిమిషం, ఇక్కడ అమ్మకి..."

"అమ్మ మంచం పక్కనే కూర్చున్నావు కదా, బాగా చూసుకో. నా ఇంట్లో మిగిలిన కాస్తనీ మాత్రం చెత్తలోకి ఊడ్చిపారేశావు. చోటు చాల్లేదా తల్లీ నీకు?"

"ఒట్టు మామయ్యా, నేనేం తీయలేదు. బొమ్మ నొక్కితే ఏమొస్తోందో చెప్పండి..."

అవతల ఎవరో నీరసంగా "ఎవరే అది?" అన్నారు. వియ్యపురాలి గొంతు. అంటే తన మాటలు మంచం మీదికి కూడా వినబడుతున్నాయన్నమాట. అది తెలిసీ ఆయన ఆగలేదు.

"పెంపకం ఏపాటిదో తెలిసిపోయింది" అని ఫోన్ పెట్టేశాడు.

గుమ్మంలో పాలిష్ మేస్త్రీ నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డతో. ముప్పై ఏళ్ళుగా అక్కడే పని. ఆయన ముందు నోరు విప్పే ధైర్యం అతనొక్కడికే ఉంది.

"అన్నా, గొంతు ఇంకాస్త పెంచాల్సింది. వీధి చివర టైర్ల షాపువాడికి సరిగ్గా అందినట్టు లేదు."

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నా. ఆ డబ్బా మాటిమాటికీ ఆగిపోతోందని శుక్రవారం నువ్వు పంపితే రిపేరుకి మోసుకెళ్ళింది ఎవరు? శనివారం సాయంత్రం మోసుకొచ్చింది ఎవరు? అమ్మాయి వెళ్ళింది అంతకు నాలుగురోజుల ముందు. ఆ నాలుగురోజులూ పొద్దున్నే కూర్చుని చదువుకున్నావు కదా నువ్వు? ఆసుపత్రిలో కూర్చుని చెయ్యి చాపిందా ఏంటి?"

అయినా పెద్దమేస్త్రీ లెక్కలో తప్పు కోడలిదే. డబ్బాను తనే చంకనెత్తుకుని రిపేరు షాపుకి నడిచాడు.

రిపేరాయన దళసరి కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుని, రెండుచోట్ల నొక్కాడు. పట్టీ వచ్చేసింది. పొడుగాయన గుమ్మం, నవ్వని డాక్టరు, అందరూ ఉన్నారు.

"ఏదీ పోలేదు పెద్దాయనా. ఉన్నచోటే ఉన్నాయి. పసుపు బొమ్మ నొక్కగానే ఏ ఫోల్డరు ముందు తెరుచుకోవాలన్నది మనం పెట్టుకునేది. లోపలంతా కొత్తగా ఎక్కించాను కదా, అది చెరిగిపోయి మామూలు చోటే తెరుచుకుంది."

"ఇంతకుముందు రెండుసార్లు నీ దగ్గరికే వచ్చింది. అప్పుడు చెరగలేదే?"

"చెరక్కేం, చెరిగింది. రెండుసార్లూ మీ కోడలు ఫోన్ చేసింది. 'ఇచ్చేముందు మా అత్తయ్య ఫోల్డరు మొదట తెరుచుకునేలా పెట్టండన్నా, మామయ్య పొద్దున్నే చూసుకుంటారు, కనబడకపోతే బెంగపడిపోతారు' అని. అసలు మొట్టమొదట అలా పెట్టింది కూడా ఆ అమ్మాయే. ఈసారి ఫోన్ రాలేదు, నాకూ గుర్తు లేదు."

మౌసు కుడిపక్క నొక్కి, చిన్న గడిలో ఆ ఫోల్డరు ఉన్న దారి రాసి, సరే అని నొక్కాడు. నిమిషం కూడా పట్టలేదు.

భార్య పోయిన కొత్తలో ఒక పొద్దున, పెద్దమేస్త్రీ ఊరికే ఆ బొమ్మ నొక్కితే ఆ పట్టీ దానంతటదే ఎదురొచ్చింది. ఆవిడే పంపిందనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా రెండేళ్ళు అదే నమ్ముకుని బతికాడు. పంపింది ఆవిడ కాదు. తను ఏ పిల్ల పెంపకాన్ని ఆ పిల్ల తల్లి చెవిన పడేలా తిట్టాడో, ఆ పిల్ల.

కోడలు రావడానికి ఇంకా తొమ్మిది రోజులు పట్టింది. ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఎదురుగా చెప్పడమే మర్యాద అని తనకు తాను చెప్పుకున్నాడు. తప్పైపోయిందమ్మా. ఆ మాట నోట్లో తిప్పుకుంటూ చిత్రిక పట్టీ పట్టీ ఒక పలకను ఎందుకూ పనికిరానంత పలచన చేశాడు.

"ఒక్క మాటేగా అన్నా" అన్నాడు పాలిష్ మేస్త్రీ, ఆ పలకను వెలుతురుకి పెట్టి చూస్తూ. "తిట్టినన్ని మాటలు కూడా అక్కర్లేదు."

వచ్చిన పొద్దున కొడుకు బయట సామాను దింపుతుంటే, కోడలు సంచి భుజానే ఉంచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళ కింద నలుపు.

"పట్టీ వస్తోందా మామయ్యా?"

ఆయన తలాడించాడు.

"రిపేరన్న చెప్పాడు. ఇలా కూర్చోండి, మీకు నేర్పిస్తాను. ఎప్పుడైనా చెరిగితే మీరే పెట్టుకోవచ్చు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని ఏదో ఒకటి అనగలిగేవాడు. కాగితం మీద పెద్దపెద్ద అక్షరాలతో నాలుగు వరసలు రాసింది. ఆయన వేలు రెండుసార్లు తప్పింది. మూడోసారి పట్టీ తెరుచుకుంది.

"ఇంకెవర్నీ అడగక్కర్లేదు మీరు" అంది. తర్వాత, తెరకేసే చూస్తూ, "ఆ రోజు అరిచింది ఎవరని అమ్మ అడిగింది మామయ్యా. టీవీ అని చెప్పాను."

తప్పైపోయిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో పాలిష్ గుడ్డ ఆగిపోయింది. కోడలు కదలకుండా నిలబడింది, ఆయనకు ఎంత సమయం కావాలంటే అంత ఇచ్చింది. పెద్దమేస్త్రీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లేచాడు.

"ఆ సంగతి ఎత్తకు" అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "ఇవాళే కాదు. నేను బతికున్నన్నాళ్ళూ నా ముందు ఎత్తకు. నేనూ ఎత్తను."