కోసినవి మీవి, రాలినవి మావి

ముసునూరు దాటగానే తేజస్వి విమానం ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. శిక్షణలో ఆమె ఒంటరిగా ఎగరడం అది రెండోసారి. మొదటిసారి దిగేటప్పుడు చక్రం వంకర చేసి, "ఇంకోసారి ఇలా దిగావంటే ఇంటికి పంపించేస్తా" అని రవిచంద్ర సారు చేత అనిపించుకుంది. ఈసారి అలా కూడా దిగలేదు. తోటల అవతల బీడులో దించుదామనుకుంది గానీ, విమానం అంతదాకా ఓపిక పట్టలేదు. బసవమ్మగారి తోటలో రెండు రసాల చెట్ల మధ్య, చెరో చెట్టు మీదా ఓ రెక్క ఆనించి ఆగిపోయింది. నేల ఇంకా నిలువున్నర కింద ఉంది.

బతికాననుకుని తొంగి చూస్తే, కింద బసవమ్మ, ఈ ఏడు తోట గుత్తకు తీసుకున్న నారాయణరావు అప్పటికే పోట్లాడుకుంటున్నారు.

ఆ ఊళ్ళో గుత్తకో కట్టుబాటు ఉంది. చెట్టు మీదున్నదీ, కోసిందీ గుత్తదారుది. రాలి నేల తాకింది తోటవాళ్ళది. ఆ మాట అన్న పెద్దలు మామిడికాయల్ని తలుచుకునే అన్నారు, పాపం. ఇప్పుడు విమానం ఎవరిదైతే పిల్లకి భోజనం వాళ్ళింట్లో. టీవీవాళ్ళు వచ్చేదీ వాళ్ళింటికే.

"చెట్టు మీదుంది కాబట్టి నాదేనండీ," అన్నాడు నారాయణరావు. "కాయలు కోసే చిక్కం తెప్పిస్తున్నా. నలక్కుండా కోయించేస్తా."

"నువ్వు కోసేలోపు అదే రాలుద్ది," అని బసవమ్మ పక్క చెట్టు నీడన చతికిలబడింది.

"ఏవండీ! కొమ్మ విరుగుతోందండీ!" అని అరిచింది తేజస్వి.

"విరగనియ్యమ్మా, మంచిదే," అంది బసవమ్మ.

"కదలకమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు నారాయణరావు.

ఇంతలో రెక్కలోంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారడం మొదలెట్టింది. బసవమ్మ బకెట్టు తెప్పించి కింద పెట్టించింది. నేల మీదికి రాలేది కనుక అది ఆవిడదే, నారాయణరావూ కాదనలేకపోయాడు. కాదనలేక మనసు కష్టపెట్టుకుని, జేబులోంచి సిగరెట్టు తీసి నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె కూడా తీశాడు.

తేజస్వికి పైప్రాణాలు పైనే పోయాయి. సారునీ చక్రాన్నీ మర్చిపోయి, బెల్టు విప్పుకుని ఒక్క దూకు దూకింది. ఆమె నారాయణరావు మీద, నారాయణరావు ఎండుటాకుల గుట్ట మీద పడ్డారు. అగ్గిపెట్టె ఎటో ఎగిరిపోయింది.

బసవమ్మ గబగబా వచ్చి వంగి చూసింది. "రాలింది గానీ నేల తాకలేదే," అని గొణిగింది. దానికి కట్టుబాటులో జవాబు లేదు.

అప్పుడే తేజస్వి జేబులో ఫోను మోగింది. సారు పేరు చూడగానే ఆమె ఫోను దూరంగా పట్టుకుంది. ఇక జన్మలో విమానం ఎక్కనివ్వరు. ఎంతకీ ఎత్తకపోతే బసవమ్మే ఫోను అందుకుంది.

"హలో! చెట్ల మీద దిగావటగా! రెక్కలేమైనా విరిగాయా?" సారు గొంతు ఆదుర్దాగా ఉంది.

బసవమ్మకి తెలిసిన రెక్కలు ఒక్కటే రకం. ఆవిడ తేజస్వి చేతులు రెండూ భుజాల నుంచి మణికట్ల దాకా నొక్కి నొక్కి చూసింది. ఆ గరుకు వేళ్ళు తగిలాక గానీ తేజస్వికి ఏడుపు రాలేదు.

"రెండు రెక్కలూ బాగానే ఉన్నాయయ్యా," అంది బసవమ్మ. "పిల్ల హడలిపోయింది, అంతే. అన్నం పెట్టి పంపిస్తాం. రేపు మళ్ళీ ఎగరనియ్యి."