ఒక్క వారమైనా గెలవని పాట

ఆ రేడియోలో వారం వారం పాటల వరుస కట్టే అమ్మాయిని అందరూ దశాంశం అని పిలిచేవారు. అర పాయింటు కూడా వదలదని ఆ పేరు పెట్టింది సొంత అన్నయ్యే. రేడియో అతనిది. పాత భవనంలో నాలుగో అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఒకదాని గోడలకు స్పాంజి పలకలు అతికించి స్టూడియో అన్నాడు. రెండోదానిలో నాలుగు కుర్చీలు వేసి ఆఫీసు అన్నాడు. చెల్లెలు ఆఫీసులో కూర్చుని అమ్మకాలు, శ్రోతల ఓట్లు, ఫోన్లలో విన్న లెక్కలు కలిపి ప్రతి వారం నలభై పాటలకు వరుస కట్టేది. మొదటి పాటకు నలభై పాయింట్లు, చివరి పాటకు ఒకటి. ఏడాది చివర అన్ని వారాల పాయింట్లూ కూడితే ఆ ఏటి మేటి పాట తేలుతుంది. ఈ పద్ధతి కనిపెట్టింది కూడా అన్నయ్యే.

ఆ ఏడు ఎవరూ కూడిక దాకా వెళ్ళనక్కర్లేదనుకున్నారు. ‘రెక్కల రైలు’ అనే పాట తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. పాడినవాడిని ఊరంతా చక్కెరగొంతు అనేవారు. దశాంశానికి ఆ పాటంటే పిచ్చి. పళ్ళు తోముకుంటూ, బస్సు కోసం నిలబడి, చివరికి పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా అదే కూనిరాగం. ఏడాది చివరి రోజు సాయంత్రం నలభై పాటలూ కింది నుంచి పైకి వేసి, చక్కెరగొంతును స్టూడియోకే రప్పించి, మొదటి స్థానం అతని చేతే చెప్పించాలని అన్నయ్య ఏర్పాట్లు చేశాడు. కేకు మీద రైలు బొమ్మ కూడా గీయించాడు.

ఆ రోజు పొద్దున దశాంశం ఈల వేసుకుంటూ కూడిక మొదలుపెట్టింది. కాసేపటికి ఈల ఆగింది. మళ్ళీ కూడింది. మూడోసారి కింది నుంచి పైకి కూడింది. రెక్కల రైలు రెండోది. పదకొండు పాయింట్ల తేడాతో మొదటిది ‘తలుపు వేసి రావేమి’.

అది ఒక అత్తా అల్లుళ్ళ పాట. అత్త బట్టలు కుట్టేది, అల్లుడు లిఫ్టులు బాగుచేసేవాడు. అల్లుడికి పాటలు కట్టే సరదా. ఒకనాడు ఇంట్లో కొత్త మైకు పరీక్ష చేసుకుంటుంటే, రాగం వంకరగా ఉందని అత్త కుట్టుమిషను మీంచే దిద్దింది. ఆ దిద్దడమే రాగంలో దిద్దింది. ‘తలుపు తీసినవాడా, తలుపు వేసి రావేమి’ అని ఆవిడ అంటే, ‘తలుపు వేసే చేతులకు సంచులు నాలుగు తగిలించితివేమి’ అని ఇతనందుకున్నాడు. మిషను చప్పుడే తాళం. అతని భార్య నవ్వాపుకుంటూ ఆ రికార్డు రేడియోకు పంపింది. అది వరుసలోకి ఎక్కి, ఏ ఒక్క వారమూ మూడో స్థానం దాటలేదు, కానీ కొట్టిన మేకులా ఏడాదంతా అక్కడక్కడే ఉండిపోయింది.

అన్నయ్య కేకు పెట్టె మూత తీసి రైలు బొమ్మ చూసుకుంటున్నాడు.

“అన్నయ్యా, రైలు రెండోది.”

“ఏ రైలు?”

“మన రైలే. అత్తా అల్లుళ్ళ పాట మొదటిది.”

అతను మూత మెల్లగా మూసి, ఆ పాట ఒక్క వారమైనా మొదటికి వచ్చిందా అని అడిగాడు. రాలేదంది. మరి ఎలా గెలుస్తుందన్నాడు. దిగలేదు కనక గెలిచిందంది. మొదటి స్థానంలో ఉన్న ఒక్కో వారానికి పది పాయింట్లు ఎక్కువేద్దామా అన్నాడు, తనకే వినపడనంత చిన్నగా.

“ఆ ముక్క ఏడాది మొదట్లో చెప్పాలిరా. పరుగు పందెం అయ్యాక గీత జరుపుతారా? నాకు మాత్రం రైలంటే ఇష్టం లేదా?”

ఇష్టమని అతనికీ తెలుసు. చెల్లెలి ముఖం ఏడుపుకీ నవ్వుకీ మధ్య ఊగిసలాడుతోంది. దాన్ని చూసి అతనికే ముందు నవ్వు వచ్చేసింది. ఇద్దరూ బల్ల మీద తల పెట్టి, ఒకరు ఆపితే ఒకరు మొదలెడుతూ, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వు తీరాక అన్నయ్య, చక్కెరగొంతుకు నువ్వే చెప్పు, నా వల్ల కాదు అన్నాడు.

ముందు గెలిచినవాళ్ళకు చెప్పాలి కదా. దశాంశం కుట్టుషాపుకు ఫోను చేసింది. మొదటి మాట పూర్తికాకముందే అత్త, మాకేమీ అక్కర్లేదమ్మా అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే, ఇందాకే చెప్పానుగా అని పెట్టేసింది. మూడోసారి దశాంశం పలకరింపు మానేసి, ఫోనెత్తగానే ఆవిడ పాట ఆవిడకే పాడి వినిపించింది. అవతల మిషను ఆగింది.

“రావేమి దగ్గర అంత సాగదీయకూడదు. కోపం పోతుంది. ఎవరమ్మా నువ్వు?”

విషయం విన్నాక ఆవిడ, చేతిలో రెండు పరదాలున్నాయని, అవి అంచు కుట్టి ఇచ్చి వస్తానని, అల్లుడిని పని దగ్గర్నుంచి తనే లాక్కొస్తానని చెప్పింది.

చక్కెరగొంతు చెప్పిన వేళకు వచ్చాడు. వెల్వెట్ కోటు, మెరిసే బూట్లు. దశాంశం అతన్ని మెట్ల మీదే ఆపింది. రాత్రంతా ఆలోచించినా ఇంతకన్నా మంచి మాట దొరకదని, మీరు రెండోవారండీ అని ఒక్క ముక్కలో చెప్పేసింది. అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఎంత తేడా అని అడిగాడు. చెప్పింది. ఎవరు అని అడిగాడు. అదీ చెప్పింది. అతను ఒక నిమిషం బూట్లవైపు చూశాడు. ఆ నిమిషంలో ఆమెకు అతన్ని చూస్తే ఎంత జాలేసిందో చెప్పలేం. అంతలో అతను తల పైకెత్తాడు.

“మా ఆవిడ ఆర్నెల్లుగా నన్ను ఆ పాటతోనే తిడుతోంది. నాకు వాళ్ళని చూడాలని ఉంది. మొదటి స్థానం నేనే చెబుతాను, చెప్పనిస్తారా?”

దశాంశానికి గుండె గాల్లో తేలిపోయింది. సరే అని చెప్పడం కూడా మరిచిపోయి, మెట్లు రెండేసి ఎక్కుతూ అన్నయ్య దగ్గరికి పరిగెత్తింది.

కార్యక్రమం మొదలై పాటలు ఒక్కొక్కటీ పైకి వస్తున్నాయి. పైనుంచి నాలుగో పాట నడుస్తుండగా అత్తా అల్లుడూ కింద ఆటో దిగారు. ఆవిడ మెడలో కొలతల టేపు ఇంకా అలాగే ఉంది. అల్లుడి చొక్కా మీద గ్రీజు మరకలు. చక్కెరగొంతు తనే కిందికెళ్ళి ఎదురు నిలిచాడు. ఆ భవనంలో లిఫ్టు పాతది, కటకటాల తలుపుది. అల్లుడు దాన్ని ఒక్క చూపు చూసి, ఇది ఎక్కొద్దు అత్తయ్యా అన్నాడు. నువ్వు బాగుచేసే లిఫ్టుల్లో ఒక్కటైనా ఎక్కమని ఎప్పుడన్నావు, నాలుగంతస్తులు నా మోకాళ్ళు ఎక్కుతాయా, నువ్వెత్తుకుంటావా అని ఆవిడ లోపలికి నడిచింది. ఆవిడ వెనక పాటగాడు, అతని వెనక తిట్టుకుంటూ అల్లుడు.

మూడో అంతస్తు దాటి, నాలుగోది అందకుండా లిఫ్టు ఆగిపోయింది.

పైన దశాంశానికి కటకటాల్లోంచి మూడు తలలు మాత్రం కనిపించాయి. అల్లుడు చాలా శాంతంగా, ఎవరూ తలుపు ముట్టుకోవద్దని, తన జోడీ పనివాడికి ఫోను చేశానని, వచ్చి పైనుంచి మోటారు చక్రం చేత్తో తిప్పుతాడని చెప్పాడు. ఎంతసేపు పడుతుందని ఆమె అడిగింది. ట్రాఫిక్కును బట్టి అన్నాడు. లోపల స్టూడియోలో మూడో పాట చివరికొచ్చింది.

ఆమె ఆలోచించలేదు. స్టూడియోలోకి దూరి మైకు లాగింది. అన్నయ్య తీగకు తీగ కలిపి నడవా పొడుగునా పరిచాడు. ఆమె నడవా నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా కటకటాల్లోంచి దూర్చి మైకు కిందికి అందించింది. చెంప కింద గచ్చు చల్లగా తగిలింది. రెక్కల రైలు అయిపోయింది. అన్నయ్య గుమ్మంలోంచి చెయ్యి ఊపాడు.

“అందరికీ నమస్కారం,” అన్నాడు చక్కెరగొంతు. “ఇప్పుడు మీరు విన్న రెండో స్థానం నాది. మొదటి స్థానం వాళ్ళు నా పక్కనే ఉన్నారు. ఒకరు నా కాలు తొక్కుతున్నారు కూడా.”

తర్వాత లిఫ్టు ఆగిన సంగతి చెప్పి, పాడండమ్మా అన్నాడు. అత్త గొంతు సవరించుకుంది. ఇలాంటి ఇరుకులో పెట్టినవాడితో పాడనంది. పెట్టింది ఎవరు, వద్దన్నది ఎవరు అన్నాడు అల్లుడు. ఆ మాటకు ఆవిడకు నిజంగా కోపం వచ్చి, ఆ కోపంతోనే పల్లవి అందుకుంది. అల్లుడు వదల్లేదు. ఇనుప గోడల మధ్య గొంతులు గంటల్లా మోగాయి. మిషను లేదు కనక చక్కెరగొంతు బూటుతో తాళం వేశాడు. రెండో చరణంలో తానూ గొంతు కలపబోతే అత్త పాట ఆపి, నువ్వు చక్కెర తగ్గించు నాయనా, ఇది దెబ్బలాట అంది. అదీ రేడియోలో వెళ్ళిపోయింది. దశాంశం నవ్వుతుంటే చెయ్యి వణికి, మైకు ముగ్గురి ముందూ ఊగింది. మూడు అంతస్తుల జనం మెట్ల మీదికి వచ్చి చప్పట్లు మొదలుపెట్టారు. పాట అయిపోయాక మళ్ళీ పాడించారు. ఆఫీసులో ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి.

జోడీ పనివాడు వచ్చి పైనుంచి తిప్పితే లిఫ్టు కొంచెం కొంచెంగా పైకి జరిగి గుమ్మానికి సమంగా నిలిచింది. అల్లుడు తలుపు లాగి, అత్త చెయ్యి పట్టుకుని ముందు ఆవిడని దించాడు. వెనక వస్తున్న చక్కెరగొంతు కోటు కటకటాలకు తగులుకుని భుజం దగ్గర పర్రుమంది. అత్త వెనక్కి తిరిగి, విప్పు అంది. అతను విప్పి ఇచ్చాడు. ఆవిడ పై మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి సూది తీసి, నా కళ్ళకు ఆనదు, దారం ఎక్కించమ్మా అని దశాంశం చేతికిచ్చింది.

ఆమెకు నవ్వు ఇంకా ఆగలేదు. సూది కన్ను ఒక చోట, దారం ఒక చోట. అన్నయ్య వచ్చి ఆమె మణికట్టు కదలకుండా పట్టుకున్నాడు. అతనికీ నవ్వే, ఇద్దరి చేతులూ కలిసి వణికాయి. చివరికి చక్కెరగొంతు చొక్కా చేతులు మడుచుకుని వచ్చి, దారం కొస నోట తడిపి ఎక్కించాడు. లోపల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరూ లేవలేదు. అల్లుడు కిందికి వంగి, ఈ భవనం యజమాని ఎక్కడున్నాడో పిలవండి, ఈ లిఫ్టు గురించి నాలుగు మాటలు చెప్పాలి అని కేకేస్తున్నాడు. అత్త ఎవరినీ పట్టించుకోకుండా, దారం కొస పంటితో కొరికి, వెల్వెట్ మీద మొదటి కుట్టు వేసింది.