ఈ ప్లస్ సున్నా మూడు

ఏలూరులో నీటి పరీక్షల సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీలో ఇందు హెల్ప్ పేజీలు రాస్తుంది. ఆ ఉదయం ఆమె వచ్చి కూర్చుందో లేదో ఫోన్ మోగింది. కొల్లేటి లంకలో ఒక పంచాయతీ గుమాస్తా, ప్రభుదాసు.

“ఏవండీ, మీ చార్టులో ఏదో ఎర్రర్ వస్తోందండీ. మంచినీళ్ళ ట్యాంకులో క్రిముల లెక్క 2.4 అని వేసి, పక్కన E+03 అంటోంది. ఆ E ఎలా తీసెయ్యాలండీ?”

ఇందు కుర్చీలోంచి లేచింది. “అది ఎర్రర్ కాదండీ. రెండు వేల నాలుగు వందలు!”

“పది లోపుంటే పరవాలేదన్నారు కదండీ... రెండే కదా అని మా ట్యాంకు చూసే తాతాజీ ఇందాకే కుళాయిలకి నీళ్ళు వదిలేశాడండీ.”

“వెంటనే వాల్వు కట్టించెయ్యండి! ఎవరినీ తాగనివ్వకండి!”

రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు, పరుగెత్తిన అడుగులు. ఆ తర్వాత ఖాళీ గదిలో ఫ్యాను రొద తప్ప ఏమీ లేదు. ఇందు ఫోను పెట్టెయ్యలేకపోయింది. చెవికి అదిమి పట్టుకుని అలాగే ఉండిపోయింది. చివరికి ఎక్కడో దూరంగా చర్చి మైకు గరగరమంది. “కుళాయి నీళ్ళు ఎవరూ తాగకండమ్మా, పట్టినవి పారబోసెయ్యండి...”

వాల్వు కట్టేశారు. కానీ ట్యాంకు పక్కింటి రత్నకుమారీ, ఆమె కూతురూ అప్పటికే తాగేశారు. రాత్రికల్లా వాంతులు. తెల్లవారుతూనే ఇద్దర్నీ ఏలూరు ఆసుపత్రికి తెచ్చారు. పిల్ల లేచి కూర్చుందని ప్రభుదాసు ఫోన్ చేసేదాకా ఇందుకి అన్నం సయించలేదు.

అప్పుడు హెల్ప్ పేజీ తెరిచింది. ‘పెద్ద సంఖ్యలు శాస్త్రీయ సంకేతంలో కనిపిస్తాయి.’ అంతే ఉంది.

“చదువుకున్నవాళ్ళకి ఆ మాత్రం తెలీదా అమ్మా?” అన్నారు యజమాని వెంకటరత్నం.

“చదివి అర్థంకాకే ఫోన్ చేశారండీ.”

ఇందు కొత్తగా రాసి, ప్రభుదాసుకి ఫోన్లో చదివి వినిపించింది. “2.4E+03 అంటే 2400. E అంటే తప్పు అని కాదు. +03 అంటే పాయింటుని మూడు స్థానాలు కుడికి జరపాలి. మామూలు అంకెల్లో కావాలంటే చార్టు సెట్టింగుల్లో ‘సాధారణ సంఖ్య’ ఎంచుకోండి.”

“ఆ ప్లస్సు చూసి మూడు కలపాలేమో అనుకున్నానండీ ముందు,” అన్నాడతను మొహమాటంగా.

‘కూడిక కాదు’ అని చేర్చింది ఇందు. “ఇప్పుడు తెలుస్తోందాండీ?”

“తెలుస్తోందండీ. మరి అక్కడ మైనస్ వస్తేనో?”

ఇందు మళ్ళీ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. “ఉండండి, అదీ రాస్తాను. లైన్లోనే ఉండండి.”