కత్తెరకు రాసిన చీటీ

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే వరసలో ఆమెను అందరూ బాబిన్ అంటారు, మిషన్ అడుగున దారం చుట్టుకునే బుల్లి చక్రం పేరు. మనిషి పిడికెడు, పని మాత్రం గిర్రున తిరుగుతుంది. ఇరవయ్యారేళ్లొచ్చినా పై పళ్లలో ఎడమపక్క ఒక పాలపన్ను ఊడనే లేదు. దాన్ని తోసుకుని రావాల్సిన కోరపన్ను అంగిట్లో అడ్డంగా పడుకుని ఉందని ఎక్స్‌రేలో తేలింది. పడుకున్నది ఊరికే ఉందా అంటే లేదు, పక్కనున్న ముందుపన్ను వేరును కొరుక్కు తింటోంది. వదిలేస్తే రెండూ పోతాయి.

అందుకని డాక్టరమ్మ పాలపన్ను పీకేసింది. చిగురు కోసి లోపలి పన్నుకు వెంట్రుకంత గొలుసు అంటించింది. పై పళ్లన్నిటికీ బిళ్లలు అతికించి, వాటిమీదుగా తీగ లాగి, ఆ తీగకు గొలుసు కట్టింది. నెలకోసారి బిగిస్తే పన్ను నెలకొక మిల్లీమీటరు కదులుతుందట. నత్త చూస్తే నవ్వుకుంటుంది.

నాలుగు నెలల్లో ముందుపళ్ల బిళ్లలు రెండుసార్లు ఊడాయి. రెండోసారి డాక్టరమ్మ ముఖం మాడ్చుకుంది.

"ఏం కొరికావు?"

"ఒట్టు మేడమ్, ఏమీ కొరకలేదు. మెత్తగా ఉడికిందే తింటున్నా. అడగండి మా వదినని."

వదిన కూడా పక్క మిషన్ మీదే పనిచేస్తుంది, తోడొచ్చింది. "నిజమే డాక్టరుగారూ. పసిపిల్లకు పెట్టినట్టు పెడుతున్నా. ఇంక నమిలి పెట్టడం ఒక్కటే తక్కువ."

డాక్టరమ్మ అద్దం పెట్టి ముందుపన్ను చూసింది. అంచున సన్నటి గాడి, ఆకురాయితో గీసినట్టు. "ఇదేంటి?"

"పుట్టుకతో వచ్చింది మేడమ్."

డాక్టరమ్మ సొరుగులోంచి మూరెడు దారం తీసి చేతికిచ్చి, "దీన్ని రెండు ముక్కలు చెయ్యి" అంది.

బాబిన్ చెయ్యి నోటి దగ్గరికి దానంతటదే వెళ్లిపోయింది. దారం పళ్ల మధ్య పడింది, తల పక్కకు తిరిగింది.

"ఆగు!"

ముందు వదినే నవ్వింది. తర్వాత నాలుకతో తన ముందుపన్ను తడుముకుని నవ్వు ఆపేసింది. అక్కడా గాడి ఉంది.

"కాలరుకు రెండుసార్లు మేడమ్. గంటకు అరవై కాలర్లు." బాబిన్‌కు అప్పుడు తెలిసింది, రోజుకు వెయ్యిసార్లు దారం కొరుకుతోందని. "కత్తెర లేక కాదు. వరసంతటికీ ఒకటుంది, మూల బల్లకు గొలుసేసి కట్టారు. లేచి వెళ్లొచ్చేసరికి రెండు కాలర్లు వెనకబడతాం."

కత్తెర పోతుందని గొలుసేసిన పెద్దమనుషులకు, పళ్లు పోతున్న సంగతి పట్టలేదు. పళ్లు వాళ్లవి కావు కదా!

"విను. ఈసారి లోపలి గొలుసు ఊడిందంటే మళ్లీ చిగురు కొయ్యాలి. కోసినా అతుక్కుంటుందని నేను మాటివ్వను. అప్పుడా పన్ను తీసెయ్యడమే" అంటూ డాక్టరమ్మ మందుల చీటీ మీద రాసింది: *చిన్న దారం కత్తెర ఒకటి. చేతికి అందేంత దూరంలో. పని ఉన్నంతసేపూ.*

మర్నాడు సూపర్వైజరు చేతిలో ఆ చీటీ పెట్టింది బాబిన్. ఆయన మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుంటుంది, అందుకే గడియారం సారు. ఆయన చీటీని వరసంతటికీ వినబడేలా చదివి పకపకా నవ్వాడు.

"మందుల చీటీలో కత్తెరేంటమ్మా? పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటీనా? నీ ఒక్క పంటి కోసం ఫ్యాక్టరీ తిరగరాయమంటావా?"

బాబిన్‌కు చెవులు కాలిపోయాయి. చీటీ మడిచి జాకెట్‌లో దోపుకోబోయి, ఎందుకో ఆగింది. "వద్దులెండి సార్. కానీ నేనింక దారం కొరకను. ప్రతిసారీ లేచి కత్తెర దగ్గరికి నడుస్తా. మీరు గడియారం చూసుకోండి."

అన్నట్టే లేచి నడిచింది. కత్తిరించింది. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

మూడో విడతకు వదిన లేచింది. "ఎక్కడికమ్మా నువ్వు?" అన్నాడు గడియారం సారు.

"కత్తెరకు సార్. నాకూ ఒకే సెట్టు పళ్లున్నాయి."

ఆ తర్వాత ఎవరినీ ఎవరూ పిలవలేదు. గంట తిరిగేసరికి కత్తెర ముందు పద్నాలుగు మంది బారు, చేతుల్లో కాలర్లు, నోళ్లలో కబుర్లు. "తొయ్యకండే, నా దారం పొడుగు!" "నాది ముందు, నాది పెద్దమనిషి కాలరు!" అవతల చొక్కాలు కలిపే వరస చేతులు ముడుచుకుని కూర్చుంది. భోజనాల వేళకు మూడొందల చొక్కాలు మెడల్లేకుండా కుప్పపడ్డాయి.

గడియారం సారు మేనేజరు గదికి పరుగెత్తాడు. వచ్చేటప్పుడు ఒక పెట్టె మోసుకొచ్చాడు. దాని నిండా చిన్న కత్తెరలు, మనిషికొకటి. పెట్టె మీద వేలు మందాన దుమ్ము. ఎన్నేళ్లుగా స్టోరు బీరువాలో ఉన్నాయో! ఇన్నేళ్లూ పళ్లతో పని జరుగుతుంటే తియ్యాలని ఒక్కడికీ తట్టలేదు.

ప్రతి కత్తెరకూ ఒక గొలుసు కట్టి మరీ ఇచ్చారు.

"కట్టనియ్యి వదినా. నా పన్నుకూ గొలుసే కదా" అంది బాబిన్.

ఆ తర్వాత బిళ్ల ఒక్కటీ ఊడలేదు. వైద్యం మొదలైన ఎనిమిదో నెలలో ఒక ఉదయం మిషన్ ముందు కూర్చున్న బాబిన్ నాలుకకు గరుగ్గా ఏదో తగిలింది. జేబు అద్దంలో చూసింది. చిగురు చీల్చుకుని తెల్లటి మొన, గుండుసూది తలంత.

"వదినా!"

వదిన వచ్చి గడ్డం పట్టి నోట్లోకి తొంగిచూసింది. వరసంతా మిషన్లు ఆపి చూసింది. గడియారం సారు వాచీ పట్టుకుని ఏం జరిగిందో చూడ్డానికి దగ్గరికొచ్చాడు.

"కాస్త ఎడంగా నిలబడండి సార్" అంది వదిన. "పిల్లకు పళ్లొస్తున్నాయి. చేతికందింది కొరికేస్తుంది."