ఆగిన చోట పేరు

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. పెద్దపల్లిలో మారుపాక తిరుమలేష్ అనే డీజేవాడు నన్ను మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. చెవికి మాత్రం పెట్టుకోడు. పెళ్లి ఊరేగింపులో బరాత్ బండి ఎక్కి ఫోటో దిగేటప్పుడు కాస్త సర్దుకుంటాడు, అంతే. నా తీగ కొస ఎక్కడా గుచ్చి ఉండదు, అతని చొక్కా జేబులో ఉంటుంది. కంటికి పెట్టాల్సిన కాటుక కాలికి పూసినట్టుంది నా బతుకు. ఈ మనిషి అన్యాయం చేసింది నా ఒక్కదానికే అయితే నోరు మూసుకునేదాన్ని. వస్తువులకు అది అలవాటే. కానీ ఓదేలుకు చేశాడు, సిరిసిల్ల శ్యామలకు చేశాడు. అందుకే ఈ గోడు.

నేను పుట్టింది ఎక్కడో సముద్రం పక్కన ఒక ఫ్యాక్టరీలో. పుట్టగానే పాట వినిపిస్తారనుకున్నాను. కుయ్యిమని ఒక కూత పెట్టించి, బాగానే ఉంది పొమ్మన్నారు. హైదరాబాద్ కోఠిలో అమ్ముడుపోయాను. నన్ను మొదట కొన్నవాడు పోటీ పరీక్షలకు చదువుతుండేవాడు. వినడానికి కొనలేదు, వినపడకుండా ఉండటానికి కొన్నాడు. గదిలోవాళ్ల ముచ్చట్లు అడ్డం రాకుండా నన్ను బిగించుకుని, లోపల ఏమీ మోగించకుండా, పుస్తకం మీద తల పెట్టి హాయిగా నిద్రపోయేవాడు. ఉద్యోగం రాలేదు. పాతసామాన్ల వాడికి నన్ను అమ్మేసి ఊరి బస్సెక్కాడు. ఆ ఫుట్‌పాత్ మీద దుమ్ములోంచి నన్ను ఎత్తి, ఊది, చెవికి పెట్టుకున్నవాడు ఓదేలు.

ఓదేలు ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. సుల్తానాబాద్ బస్టాండ్ ఎదురుగా అతనిది రీచార్జి దుకాణం. ఒకప్పుడు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించుకోవడానికి జనం వరుస కట్టేవారట. అందరి చేతుల్లోకీ నెట్టు వచ్చాక దుకాణానికి ఈగలు మిగిలాయి. అయినా అతను ఒక పని మానలేదు. ఊళ్లలో, గల్లీల్లో, పేరూ ఊరూ తెలియనివాళ్లు ఫోన్లలోనూ పాత కంప్యూటర్లలోనూ కట్టే డ్యాన్స్ పాటలను వెతికి పట్టేవాడు. వాటిని ఏ కంపెనీ విడుదల చేయదు, ఏ టీవీ వేయదు. అవి ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి దొంగచాటుగా పాకి, ఎవరూ పట్టించుకోకపోతే అక్కడే చచ్చిపోతాయి.

అతను వినే పద్ధతి వేరు. నా ఒక చిప్పను చెవికి ఆనించి, రెండో చెవిని బస్టాండ్ రొదకు వదిలేసేవాడు. కళ్లు మాత్రం తన మడమ మీద. మడమ తనంతట తాను లేస్తే ఆ పాట ఉంచేవాడు. తాను లేపాల్సి వస్తే తీసి పారేసేవాడు. ఉంచినదాన్ని ‘ఓదేలు ఏరినవి’ అనే వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఎవరు కట్టారో, ఎందుకు వినాలో తన గొంతుతో చెప్పి పంపేవాడు. జిల్లాలోని బరాత్ డీజేలందరూ ఆ గ్రూపులో ఉన్నారు. వాళ్లు ఆడించే కొత్త పాటల్లో సగం ఓదేలు ఏరినవే. పెళ్లిళ్లలో ఆడేవాళ్లకు ఆ సంగతి తెలియదు. అతని భార్య సరోజనకు బాగా తెలుసు.

“బియ్యంల రాళ్లు ఏరితే బువ్వన్న తింటం. నువ్వు ఏరినయి ఏ గిన్నెల వండాలె?” అనేది.

అతను నవ్వేవాడు. అప్పట్లో నవ్వేవాడు.

ఒకనాడు సిరిసిల్ల నుంచి ఒక పాట వచ్చింది. పంపినది దూస శ్యామల. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే మనిషి. మాట లేదు, పల్లవి లేదు. మగ్గాల చప్పుడునే ఫోన్లో పట్టి, కోసి, పేర్చి, కింద గుండెలదిరే బేస్ పరిచింది. ఓదేలు మడమ లేచింది. తర్వాత మోకాలు. పాట నడిమిట్లో, షెడ్డులో కరెంటు పోయినప్పుడు ఎలా ఉంటుందో అలా, అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆగిపోయాయి. నిశ్శబ్దం. మళ్లీ ఒక మగ్గం, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత షెడ్డు మొత్తం మీద పడింది. ఓదేలు లేచి నిలబడ్డాడు. రీచార్జికి వచ్చినవాడు చెయ్యి చాపి అలాగే చూస్తున్నాడు.

ఈ పాటల్లో ఒక ఆచారం ఉంది. కట్టినవాళ్లు తమ పేరూ ఊరూ గట్టిగా అరిచి పాట మధ్యలో అతికిస్తారు. వాళ్లకు అదే సంతకం, అదే పట్టా కాగితం. శ్యామల కూడా అతికించింది. అయితే అరవలేదు. మగ్గాలన్నీ ఆగిన ఆ నిశ్శబ్దంలో, పక్కింటామెను పిలిచినంత మెల్లగా, “సిరిసిల్ల శ్యామల” అంది.

ఓదేలు ఫోన్ చేశాడు. ఈ ఊరేగింపుల కాలంలో జిల్లా అంతా మోగిస్తానన్నాడు. ఆమె ఒక్కటే అడిగింది.

“పైసలు అద్దన్నా. షెడ్డుల మమ్ముల ‘ఏయ్ కండెలదానా’ అంటరు. ఏడేండ్ల సంది నా పేరు నేనే మర్శిపోయిన. పేరొక్కటి ఇనబడాలె.”

“ఇనబడ్తది చెల్లె. నాది పూచీ,” అన్నాడు ఓదేలు.

తప్పు అక్కడ జరగలేదు. ఆ తర్వాత జరిగింది. ఓదేలుకు పాటల్లో పేర్లు అరవడమంటే పరమ చిరాకు, బువ్వలో వెంట్రుక వచ్చినట్టు. శ్యామల గొంతు మెల్లగానే ఉన్నా, ఆ నిశ్శబ్దాన్ని అది పాడుచేస్తోందని అతనికి అనిపించింది. వింటున్నకొద్దీ అదే గుచ్చుకుంది. ఆగుడు ఆగుడులాగే ఉండాలి, కాలు గాల్లోనే నిలిచిపోవాలి, అంత మంచి చోట మనిషి గొంతెందుకు అని నన్ను చెవికి నొక్కుకుని తనలో తాను వాదించుకున్నాడు. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని. ఓదేలు మళ్లీ ఫోన్ చేసి, పేరు లేనిది ఒకటి పంపమ్మా, నీ పేరు నా నోటితో చెప్తాను, నా మాటంటే గ్రూపులో అందరికీ గురి అన్నాడు. ఆమె తన పేరు తానే కోసింది. సాయంత్రానికి పంపింది.

ఓదేలు పాట పెట్టాడు. దాని కింద తన గొంతుతో శ్యామల గురించి నిండు మనసుతో చెప్పాడు. కానీ పాట వేరు, దాని కింద చెప్పిన మాట వేరు. జనం పాటను పట్టుకుపోయారు. మాట అక్కడే పడి ఉంది.

వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్లే రోజు ఆ పాట మా దుకాణం ముందు నుంచే వెళ్లింది. తిరుమలేష్ బండి. రోడ్డు నిండా జనం, దుకాణం రేకులు వణుకుతున్నాయి. ఓదేలు గడప మీదికి వచ్చి, మడమ ఆడిస్తూ ఆ ఆగే చోటు కోసం ఎదురు చూశాడు. మగ్గాలు ఆగాయి. వందల కాళ్లు గాల్లో నిలిచాయి. ఓదేలు ఖాళీ చేయించిన ఆ నిశ్శబ్దంలో, మొత్తం బజారుకు వినపడేలా, “డీజే తిరుమలేష్, పెద్దపల్లీ” అని గొంతు పేలింది.

ఓదేలు మడమ కిందికి దిగింది. నేను అతని మెడలోనే ఉన్నాను, అంతా విన్నాను.

మర్నాడు పెద్దపల్లి వెళ్లాడు. తిరుమలేష్ కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు, అన్నా అన్నా అంటూనే ఉన్నాడు. ఆ పాట ఎవరిదో నీకు తెలియదా అని ఓదేలు అడిగితే, తెలుసన్నాడు. నువ్వు చెప్పింది రెండుసార్లు విన్నానన్నాడు.

“మరి గామె పేరు తీసి నీ పేరు ఎట్ల ఏసుకుంటివిరా?”

“నేనెక్కడ తీసిన అన్నా? తీసింది నువ్వు. గుర్తు లేని గొర్రె ఏ మందల కలిస్తే ఆ మందదే. జాగ కాలీగ ఉంటే కూసున్న.”

ఓదేలు చాయ్ తాగకుండా లేచాడు.

గ్రూపులో శ్యామల పేరున్న మొదటి పాట పెట్టాడు. తిరుమలేషన్న పాటకు ఎవరో ఆడమనిషి గొంతు అతికించారని నవ్వారు. ఓదేలన్నకు వయసు మీద పడిందని ఒకడు రాశాడు. శ్యామల ఫోన్ చేస్తే మోగనిచ్చి, ఆగనిచ్చి, తల పట్టుకునేవాడు. ఒకసారి ఎత్తాడు. ఆమె తిట్టలేదు. మా షెడ్డు ముందర కూడా ఆ పాటే పోయిందన్నా, తిరుమలేష్ పేరు మస్తు గట్టిగ ఇనబడ్డది అంది. తిట్టినా బాగుండేది.

అప్పుడు ఓదేలుకు పిచ్చి పట్టింది. పేరును పేరుతోనే కొట్టాలి, తిరుమలేష్ స్పీకర్ డబ్బాల కంటే పెద్ద డబ్బాలు పెట్టి రోడ్డు మీద శ్యామల పేరు మోగించాలి, అంతకు మించి దారి లేదన్నాడు. కాలువ కింది పొలం అమ్మి బేస్ బాక్సులు, ఆంప్లిఫయర్లు, జనరేటర్ కొన్నాడు. సరోజన రెండు పూటలు పొయ్యి ముట్టించలేదు. అతను నన్ను చెవులకు పెట్టుకుని ఆ ఆగే చోటునే మళ్లీ మళ్లీ విన్నాడు.

బేరం దొరకడానికి చలికాలం దాకా పట్టింది. ధర్మారంలో ఒక పెళ్లి బరాత్, డీజిల్ ఖర్చుకే ఒప్పుకున్నాడు. శ్యామలను రమ్మని పిలిచాడు. ఆమె షెడ్డుకు సెలవు పెట్టి, మంచి చీర కట్టుకుని వచ్చి, రోడ్డు పక్కన చెప్పుల దుకాణం మెట్టెక్కి నిలబడింది. పాట మొదలవగానే పెళ్లివాళ్లు ఊగిపోయారు. మగ్గాలు ఆగాయి. “సిరిసిల్ల శ్యామల” అని ఆ మెల్లని గొంతు అన్ని డబ్బాల్లోంచి కొండంత పెద్దదై వచ్చింది.

ఒక్క లిప్తపాటు అంతా బాగుంది. తర్వాత ముందువరసలో ఎవడో, “ఎవతిరా ఇది, తిరుమలేషన్నది కాపీ కొట్టింది!” అన్నాడు. నవ్వు లేచింది. ఇంకొకడు ఆ పేరును ముద్దు ముద్దుగా, వెకిలిగా పలికాడు. పదిమంది అందుకున్నారు. ఆగే చోటు మళ్లీ వచ్చినప్పుడల్లా ఆమె పేరును అలాగే పలుకుతూ నడుములు తిప్పారు. అసలుది వెయ్యమని పెండ్లికొడుకు మేనమామ బండెక్కి గద్దించాడు.

శ్యామల మెట్టు దిగి, జనాన్ని తోసుకుంటూ బండి దగ్గరికి వచ్చింది.

“బంద్ చెయ్యన్నా.”

“ఇంకొక్కసారి ఇననీ చెల్లె, అలవాటైతది...”

“ఇన్నరు గదా. ఇగ నా పేరు నాకు వాపస్ ఇయ్యి. షెడ్డుల కండెలదాన్నే ఉంట.”

ఓదేలు పాట ఆపేశాడు. ఆమె బస్సు కోసం వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ పాటా పంపలేదు. కట్టిందో లేదో కూడా మాకు తెలియదు. మనుషుల సంగతి నాకు తెలియదు గాని, విన్నదాన్ని వినలేదనుకోవడం నాకు చేతకాదు. ఆ రోజు ఆమె అడుగులు కూడా నాకు వినిపించాయి.

ఆ డబ్బాలను మళ్లీ ఎవరూ పిలవలేదు. దుకాణం వెనక టార్పాలిన్ పట్టా కప్పుకుని ఎండకు ఎండాయి, ఎలుకలు తీగలు కొరికాయి. కొనేవాళ్ల కోసం ఓదేలు చాలామందిని అడిగాడు. ఈ జిల్లాలో అంత పెద్ద డబ్బాలు వాడేవాడు ఒక్కడే. తిరుమలేష్ లారీ తీసుకుని వచ్చాడు. ఒక్కో డబ్బా వేలితో కొట్టి చూశాడు, పాతవయ్యాయని మూతి విరిచాడు, చెప్పిన ధరలో సగం కోశాడు. ఓదేలు బేరమాడలేదు. మెడలోంచి నన్ను కూడా తీసి డబ్బాల మీద పెట్టాడు. ఇదెందుకన్నా అని తిరుమలేష్ అడిగితే, ఇక వినేదేమీ లేదన్నాడు.

సరోజన గడపలో నిలబడి చూస్తోంది. లారీ తాళ్లు బిగించాక తిరుమలేష్ చేతులు దులుపుకుని, మంచి మాటగానే అడిగాడు.

“మస్తు సామాన్ కొన్నవు గదనే. మొత్తం ఎంతల పడ్డది అన్నా నీకు?”

ఓదేలు లారీ వైపు చూడలేదు.

“ఎకరం పద్నాలుగు గుంటలు.”